విద్యార్థి రికార్డులు: ఎవరికి, ఏ చట్టం ప్రకారం, ఎన్ని రోజులలో?

పెద్ద కొడప్‌గల్ (బాన్సువాడ): మార్కుల జాబితా, పట్టా, హాజరు వివరాలు, జవాబు పత్రం వంటి రికార్డులపై విద్యార్థి ఉద్యోగం, పై చదువు, కొన్ని సందర్భాలలో కోర్టు వ్యాజ్యం సైతం ఆధారపడి ఉంటాయి. హక్కు గలవారికి ఈ రికార్డులను గడువులోగా ఇవ్వడం, హక్కు లేనివారికి ఇవ్వకుండా కాపాడడం విశ్వవిద్యాలయ కార్యాలయాల బాధ్యత.

ఏ విశ్వవిద్యాలయాన్ని కోరవలెను?

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడినది. అంతకు పూర్వం ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. కావున పట్టాపై ఏ విశ్వవిద్యాలయం పేరున్నదో దానికే దరఖాస్తు పంపవలెను. సమాచార హక్కు దరఖాస్తు పొరపాటున వేరొక కార్యాలయానికి చేరినచో, సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజులలోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయవలెను. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినందున, పాత పత్రాలలో నిజామాబాద్ జిల్లా అని ఉండుట లోపం కాదు.

విద్యార్థి స్వయంగా కోరినప్పుడు

సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసుకోవచ్చును. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. దరఖాస్తును తపాలా ద్వారా కూడా పంపవచ్చును. హాల్ టికెట్ నంబరు, పరీక్ష జరిగిన సంవత్సరం, కళాశాల పేరు తెలిపినచో రికార్డును వెదకుట సులభమగును. సమాధానం 30 రోజులలోగా రావలెను.

మూల్యాంకనం చేసిన జవాబు పత్రాన్ని చూచుటకు, నకలు పొందుటకు పరీక్ష వ్రాసిన అభ్యర్థికి హక్కు కలదని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పు ఇచ్చినది. అయితే జవాబు పత్రాలను భద్రపరచవలసిన కాలం ముగియక ముందే ఈ హక్కు వర్తించును. ఫలితాలపై సందేహం గలవారు జాప్యం చేయక దరఖాస్తు చేసుకొనుట అవసరం.

కోర్టు లేదా పోలీసులు కోరినప్పుడు

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 94 ప్రకారం, దర్యాప్తు లేదా విచారణకు అవసరమైన పత్రం కొరకు న్యాయస్థానం సమన్లు, పోలీసు స్టేషన్ అధికారి వ్రాతపూర్వక ఉత్తర్వు జారీ చేయవచ్చును. ఫోను ద్వారా లేదా నోటిమాటగా అడిగినది ఇందుకు సరిపోదు. సివిల్ వ్యాజ్యాలలో పత్రం దాఖలుకు మాత్రమే సమన్లు వచ్చినచో, అధికారి స్వయంగా హాజరు కానవసరం లేదు. పత్రాన్ని కోర్టుకు చేర్పించిన చాలును. ఉత్తర్వులో పేర్కొన్న పత్రానికి మించి ఇతర వివరాలు పంపుట తగదు.

ఇతరులు కోరినప్పుడు

ఇతరుల వ్యక్తిగత సమాచారానికి సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) మినహాయింపు ఇచ్చుచున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ మినహాయింపును మరింత విస్తృతం చేసినది. అయినను, కలుగు హాని కంటే ప్రజా ప్రయోజనం అధికమని భావించినచో సెక్షన్ 8(2) కింద సమాచారం ఇవ్వవచ్చును. గోప్యంగా ఉంచిన విద్యార్థి సమాచారాన్ని వెల్లడించదలచినచో, సెక్షన్ 11 ప్రకారం దరఖాస్తు అందిన 5 రోజులలోగా ఆ విద్యార్థికి నోటీసు పంపవలెను. అభ్యంతరం తెలుపుటకు విద్యార్థికి 10 రోజుల గడువు కలదు. తల్లిదండ్రులు కోరిన సందర్భంలోనూ, 18 సంవత్సరాలు నిండిన విద్యార్థి సమ్మతి పత్రం జతపరచుట మేలు.

నిరాకరించినచో

నిరాకరణకు కారణాన్ని, అప్పీలు చేయవలసిన అధికారి వివరాలను కార్యాలయం వ్రాతపూర్వకంగా తెలుపవలెను. 30 రోజులలోగా మొదటి అప్పీలును, దానిపై నిర్ణయం సంతృప్తికరంగా లేనిచో 90 రోజులలోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలును దాఖలు చేయవచ్చును. ఇందుకు ఆధారంగా దరఖాస్తు నకలును, తపాలా రసీదును భద్రపరచుకొనవలెను.