చేతికి చాకు ఇవ్వొచ్చా?

మాటంటే చాలు... తలుపు ధడేలుమంటుంది. పుస్తకాలు గాల్లోకి లేస్తాయి. అలాంటి పదిహేనేళ్ల పిల్లాడు ఓ సాయంత్రం వంటింట్లోకొచ్చి 'ఉల్లిపాయలు నేను కోస్తానమ్మా' అన్నాడనుకోండి. చాకు ఇవ్వాలా, వద్దా? ఇస్తే భయం. ఇవ్వకపోతే 'మీకు నామీద నమ్మకం లేదు' అని మరో గొడవ.

ఇలాంటి పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న ప్రశ్నేం కాదు. 'పిచ్చోడి చేతికి రాయి ఇచ్చినట్టే' అనేస్తారు చుట్టాలు. 'మేం పదేళ్లకే కొడవలి పట్టి గడ్డి కోశాం' అంటాడు తాతయ్య. రెండు మాటల్లోనూ సగమే నిజం. తాతయ్య కొడవలి పట్టిన రోజుల్లో పక్కనే పెద్దవాళ్లున్నారు. కోయడానికి గడ్డి ఉంది. పని అవ్వగానే కొడవలి చూరులోకి వెళ్లిపోయేది. ఇక చుట్టాలు చూసింది పిల్లాడి కోపాన్ని మాత్రమే. కోపం లేని వేళ వాడెలా ఉంటాడో వాళ్లకు తెలీదు. అది తెలిసేది అమ్మానాన్నలకే.

చట్టంలో వయసుందా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో పద్దెనిమిదేళ్లలోపు వారికి చాకులు అమ్మడం నేరం. మన దగ్గర వంటింటి చాకుకు అలాంటి వయో పరిమితి లేదు. తొమ్మిది అంగుళాలకు మించి పొడవు లేదా రెండు అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికీ, సేద్యానికీ తయారుచేసిన వాటికి అందులో మినహాయింపు. బాల నేరస్థుల చట్టం మాత్రం ఓ వయసు చెబుతుంది. 2015 నాటి ఆ చట్టం ప్రకారం పదహారు దాటినవాళ్లు ఘోరమైన నేరం చేస్తే, వాళ్ల మానసిక స్థితినీ పరిస్థితులనూ పరిశీలించి పెద్దవాళ్లలా విచారించాలో లేదో నిర్ణయిస్తారు. అంటే అక్కడ కూడా పుట్టినతేదీ ఒక్కటే చూసి ఊరుకోరు.

మరి సైన్సు ఏమంటోంది?

అమెరికాకు చెందిన లారెన్స్ స్టైన్‌బర్గ్ కౌమార మనస్తత్వంపై దశాబ్దాలుగా పరిశోధిస్తున్న శాస్త్రవేత్త. ఆయన బృందం మనదేశంతో సహా 11 దేశాల్లో, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల వరకూ ఉన్న అయిదు వేల మందికి పైగా పరీక్షించింది. 2019లో వెలువడిన ఆ ఫలితాల సారాంశం ఇదీ: తీరిగ్గా కూర్చుని ఆలోచించే శక్తి పదహారేళ్లకల్లా ఇంచుమించు పెద్దవాళ్ల స్థాయికి వచ్చేస్తుంది. ఆవేశాన్ని ఆపుకునే శక్తి రావడానికి మాత్రం పద్దెనిమిది దాటినా ఇంకా సమయం పడుతుంది.

అదే శాస్త్రవేత్త 2005లో మార్గో గార్డ్‌నర్‌తో కలిసి మరో ప్రయోగం చేశారు. కంప్యూటర్‌లో కారు నడిపే ఆట అది. ఒంటరిగా ఆడినప్పటికన్నా స్నేహితులు పక్కనున్నప్పుడు టీనేజీ పిల్లలు ఎక్కువ సాహసాలకు దిగారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనపడలేదు.

దీన్నిబట్టి వంటింట్లో ఒక సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. చాకు పట్టడం రావడం వేరు. కోపం వచ్చినప్పుడు చాకు కింద పెట్టేయడం వేరు. మొదటిది వారంలో నేర్పొచ్చు. రెండోది నెలల తరబడి గమనించాలి. అదీ అమ్మ ఎదురుగా ఉన్నప్పుడు ఒకలా, నలుగురు మిత్రుల మధ్య మరోలా ఉండొచ్చు.

అసలు ఇవ్వకూడని రోజులు

పిల్లాడు 'చచ్చిపోతా' అంటున్నా, ఒంటిమీద తనే చేసుకున్న గాయాలు కనిపించినా, ఇంట్లోవాళ్లను ఏదైనా వస్తువుతో బెదిరించినా, మత్తు అలవాటైందని తెలిసినా... అప్పుడు వాడికి బాధ్యత తెలుసా లేదా అన్న చర్చే వద్దు. అది ప్రాణానికి సంబంధించిన సంగతి. చాకులూ కత్తిపీటే కాదు, మాత్రల డబ్బా, పురుగుమందు కూడా తాళం వేసిన చోటికి చేరాలి.

'చేసుకోవాలనుకున్నవాణ్ని ఎవరాపుతారు' అంటారు కొందరు. ఆ మాట నిజం కాదు. ఆ ఆవేశం చాలాసార్లు అలలా వచ్చి పోయేదే. ఆ కాసేపూ ప్రమాదకరమైన వస్తువు చేతికందకపోతే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది. శ్రీలంకలో 1995 నుంచీ అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి.

దాచడం కూడా పిల్లాడి పరువు తీసేలా ఉండకూడదు. చుట్టాల ముందు 'వీడి భయానికే' అనొద్దు. 'నువ్వు ఇబ్బందుల్లో ఉన్నావు నాన్నా... నువ్వు కుదుటపడేదాకా వీటిని పక్కన పెడుతున్నాం' అని నేరుగా చెప్పండి. 'నీకు చనిపోవాలనిపిస్తోందా' అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. ప్రేమగా అడిగితే మనసు విప్పే వీలుంటుంది. వెంటనే మానసిక వైద్యుణ్ని కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా అందుతుంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు.

పని ఇస్తే కుదురు

అలాంటి ప్రమాదం లేని పిల్లలకు మాత్రం ఎప్పటికీ 'ముట్టుకోకు' అనడం సరికాదు. నమ్మకం నిలబెట్టుకునే అవకాశమే ఇవ్వకపోతే, వాళ్లు మారారో లేదో మనకెలా తెలుస్తుంది? పనిముట్టుతో కుదురు నేర్పొచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త చొరవతో 1866లో ఫిన్లాండ్ బడుల్లో చేతిపని పాఠ్యాంశమైంది. అది చూసి స్వీడన్‌లో ఒట్టో సాలమన్ పెంచిన పద్ధతిలో, పిల్లలకు మొదట చెక్కపని నేర్పే పనిముట్టు చాకే! 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం కూడా చేతిపనిని చదువుకు కేంద్రంగా పెట్టుకున్నదే.

ఇంట్లో మెట్టుమెట్టుగా మొదలుపెట్టొచ్చు. తొక్క తీసే పీలర్‌తో ఆరంభించండి. తర్వాత చిన్న చాకు, దోసకాయ లాంటి మెత్తని కూర. ఆ తర్వాతే పెద్ద చాకు. ప్రతిసారీ ఒక పని, ఒక చోటు, పక్కన ఒక పెద్ద మనిషి. పని అవ్వగానే చాకు కడిగి, తుడిచి, తీసినచోటే పెట్టాలి. సింకులో గిన్నెల అడుగున వదలకూడదు. కూరను పట్టుకున్న చేతి వేళ్లు లోపలికి మడవాలి. చాకు జారితే పట్టుకోబోకుండా వెనక్కి జరగాలి. మొద్దు చాకు జారుతుంది కాబట్టి పదునున్నదే మేలు. ఎవరితోనైనా మాట పెరిగితే ముందు చాకు కింద పెట్టాలి. ఈ నియమం నాన్నకూ వర్తించాలి. చాకు ఊపుతూ కేకలేసే తండ్రిని చూసి పిల్లాడు నిగ్రహం నేర్చుకోలేడు.

వీధిలోకీ, బడికీ, స్నేహితుల దగ్గరికీ చాకు వెళ్లకూడదు. 'రక్షణ కోసం' అని జేబులో పెట్టుకుంటే అది మరో సంగతి. ఎవరికి భయపడుతున్నాడో ముందు కనుక్కోండి.

ఇవి గమనించండి
• 'వద్దు' అంటే ఆగుతున్నాడా?
• కోపం వచ్చాక ఎంతసేపట్లో చల్లబడుతున్నాడు? తర్వాత తనంతట తానే తప్పు ఒప్పుకుంటున్నాడా?
• తెగినా, విరిగినా దాచకుండా చెబుతున్నాడా?
• తమ్ముడో, చెల్లో పక్కన ఉంటే జాగ్రత్తపడుతున్నాడా?
• ఎవరూ చూడనప్పుడు కూడా వస్తువును దాని చోట్లో పెడుతున్నాడా?

వీటికి కొన్ని వారాలపాటు 'అవును' అన్న జవాబే వస్తుంటే తర్వాతి మెట్టు ఎక్కించండి. మాట తప్పితే ఓ మెట్టు దింపండి. ఎందుకు దింపారో, మళ్లీ ఎప్పుడు చూస్తారో కూడా చెప్పండి. మార్కులొచ్చాయని బహుమతిగా ఇవ్వొద్దు, తగ్గాయని శిక్షగా లాక్కోవద్దు. వాడు కోసిన ముక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉన్నాసరే కూరలో వేసేయండి. భోజనాల దగ్గర ఈ పూట కూర ఎవరు తరిగారో ఇంట్లో అందరికీ చెప్పండి.