కార్తిక ఉపవాసం... మందులు వాడేవారూ, జాగ్రత్త!

కార్తిక సోమవారం. తెల్లవారకముందే కాలువలో చన్నీళ్ల స్నానం, అరటి దొప్పలో దీపం, శివాలయంలో ప్రదక్షిణలు. అక్కడి నుంచి నేరుగా వరి కోతకు. రాత్రి చుక్క పొడిచేదాకా మంచినీళ్లయినా ముట్టని ఆడపడుచులు మన పల్లెల్లో ఎందరో! వారి భక్తిని శంకించేవారు లేరు. అయితే వారిలో కొందరి కొంగున షుగరు మాత్రలు ముడివేసి ఉంటున్నాయి. చిక్కంతా అక్కడే.

‘ఉప’ అంటే దగ్గర, ‘వాసం’ అంటే ఉండటం. దేవుని సన్నిధిలో గడపడమే ఉపవాసం. పొట్ట మాడ్చుకోవాలన్న అర్థం ఆ మాటలో ఎక్కడా లేదు. దేహాన్ని దేవాలయమని చెప్పిన పెద్దలున్న దేశం మనది. ఊరి గుడికి ఏటా సున్నం వేయించి, ఈ గుడిని మాత్రం పాడుపెట్టుకుంటే ఎలా?

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ సూదిమందు మనం తిన్నామా లేదా అని చూడవు. రక్తంలో చక్కెరను దించుతూనే ఉంటాయి. అది 70కి దిగువకు పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. పూనకమనో, గాలి సోకిందనో వేపమండలు తెచ్చేలోగా ప్రాణం మీదికి వస్తుంది. తెలివి ఉన్న మనిషికైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. తెలివి తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయరాదు, 108కి ఫోన్ చేయాలి. వ్రతభంగమవుతుందని ఆ సమయంలో వెనుకాడవద్దు.

అలాగని ఉపవాసం కోసం మాత్రలు సొంతంగా మానేయడమూ తప్పే. నెల మొదలు కాకముందే డాక్టరును కలిసి ఉపవాసం ఉండవచ్చునో లేదో, ఉంటే మందు ఎంత, ఏ వేళకు వేసుకోవాలో అడగాలి. రోగులకు, వృద్ధులకు, పిల్లలకు, గర్భిణులకు కఠిన నియమాలు వద్దని మన పెద్దలే చెప్పారు. రంజాన్ ఉపవాసాల్లోనూ రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి ఖురాన్ మినహాయింపు ఇచ్చింది.

ఇక రాత్రి సంగతి. అన్నం మానేశామని చెప్పి డజను ఇడ్లీలు, గిన్నెడు ఉప్మా లాగించేవారు మనకు తెలియనివారేం కాదు. సగ్గుబియ్యం పాయసం తేలికని కొందరి నమ్మకం. ఆ సగ్గుబియ్యం కర్రపెండలం దుంప పిండితో చేసినదే. దాదాపు అంతా పిండి పదార్థమే, మాంసకృత్తులు నామమాత్రం. పైన బెల్లమో పంచదారో పడితే షుగరు ఉన్నవారికి అది మంచిది కాదు. ఉడికించిన పెసలు, శనగలు, మజ్జిగ, ఒక జామకాయ అంతకంటే ఎంతో నయం. శనగలు గుళ్లో ప్రసాదంగా పంచేవే కదా!

ఆడవారి విషయంలో ఇంకొక మాట. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర మిగిలింది తినే ఇల్లాలు వారానికో పూట దాన్నీ మానేస్తే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

కార్తికంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం మన ఆచారం. ఉసిరిలో సి విటమిన్ నారింజలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి అది తోడ్పడుతుంది. కాబట్టి ఈసారి వనభోజనాల్లో పులిహోర, బూరెలతోపాటు తోటకూర పప్పు, ఉసిరి పచ్చడి కూడా వండండి. వడ్డించే వంతు మగవారు తీసుకుంటే ఆడవారు మొదటి పంక్తిలోనే కూర్చుంటారు.