నొప్పి లేదని ఊరుకోరాదు

కీసర : కాలు విరిగిన వాడిని ఆసుపత్రికి పొమ్మని ఎవరూ చెప్పనక్కరలేదు. నొప్పే తీసుకుపోతుంది. కాని నొప్పి అంతగా తెలియని దెబ్బలున్నాయి. నొప్పే లేని గడ్డలున్నాయి. ప్రాణం మీదికి తెచ్చేవి తరచు ఇవే.

కీసరగుట్ట రామలింగేశ్వరస్వామి దర్శనానికి వచ్చే యాత్రికులతోను, ఔటర్ రింగు రోడ్డుకు పోయే వాహనాలతోను ఇక్కడి రోడ్లు రద్దీగా ఉంటాయి. బండి మీది నుంచి పడిన మనిషి లేచి, దుమ్ము దులుపుకొని ఇంటికి పోవడం మామూలే. తలకు దెబ్బ తగిలినా, మాట్లాడుతున్నాడు కదా అని ఇంటి వారు ధైర్యపడతారు. అయితే పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి మెదడును నొక్కవచ్చు. కొన్ని గంటలు బాగానే ఉండి, తర్వాత వాంతులు, మత్తు, మాట తడబాటు మొదలవుతాయి. నిద్రపోయాడనుకున్న వాడు స్మారకం తప్పి ఉండవచ్చు.

కళ్లు తెరుస్తున్నాడా, పొంతనగా మాట్లాడుతున్నాడా, చెప్పినట్లు కాలు చేయి కదుపుతున్నాడా అని డాక్టర్లు చూస్తారు. ఈ మూడింటికి మార్కులు వేసే పద్ధతిని 1974లో గ్లాస్గో నగర వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ ప్రవేశపెట్టారు. పూర్తి మార్కులు 15. 8కి దిగితే పరిస్థితి విషమమని అర్థం. మామూలు ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని మెదడు వద్ద చేరిన రక్తం కనబడదు. అందుకే సి.టి. స్కాను తీయిస్తారు.

విరిగిన చేతికి ఎక్స్‌రే లేకుండా బిగించి కట్టు కట్టించడం మరొక ప్రమాదం. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా రక్తం ఆడడం లేదేమోనని అనుమానించాలి. గంటల్లోనే కండ చచ్చిపోవచ్చు.

గడ్డ సంగతి

దెబ్బకు గంటలు లెక్కయితే క్యాన్సర్‌కు వారాలు లెక్క. రొమ్ములో గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. అందుకే కొందరు స్త్రీలు సిగ్గుతో నెలల తరబడి ఎవరికీ చెప్పరు. గుట్కా, జర్దా, చుట్ట అలవాటున్న వారి నోటిలో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ కనిపించినా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా డాక్టరుకు చూపించాలి. ముట్లుడిగిన తర్వాత రక్తం కనబడితే అసలే ఆలస్యం చేయరాదు.

ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. అవునో కాదో చెప్పేది ముక్క పరీక్ష. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయంతో చాలామంది వెనుకాడుతున్నారు. ఆ భయంతో పోగొట్టుకునే కాలమే అసలు నష్టం.

30 ఏళ్లు దాటిన వారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. ఊరి ఆశా కార్యకర్తను అడగవచ్చు. అనుమానం తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయాలి.