తాత చేసిన బెండు విమానం



శంషాబాదులో కాపురముండే మాకు రాత్రికీ పగటికీ తేడా తెలియదు. ఏ వేళ చూసినా తలమీదుగా ఒక విమానం పోతూనే ఉంటుంది. 2008 మార్చిలో బేగంపేట నుండి రాకపోకలు ఇక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మారాయి. అది దాదాపు 5,500 ఎకరాల నేల. ఈ చుట్టుపక్కల జొన్నచేలు, ద్రాక్షతోటలు ఉన్న రోజులు మా నాన్నగారికి నిన్నమొన్నటివలె జ్ఞాపకం. ఇప్పుడు మా సంఘములోని చాలా ఇళ్లలో ఒకరైనా విమానాశ్రయాన్ని నమ్ముకొని బ్రతుకుతున్నారు. ఒకరు కార్గోలో, ఒకరు క్యాంటీనులో, ఒకరు క్యాబు నడుపుతూ. తండ్రి నైట్ డ్యూటీ నుండి వచ్చేసరికి తల్లి డ్యూటీకి బయలుదేరుతుంది. మరి పిల్లలు? నాయనమ్మ ఒడిలో, తాత భుజం మీద.

మా ఇంటిలోనూ అంతే. మా చిన్నవానికి నాలుగేళ్లు. వాని తల్లి బడిలో టీచరు. మేము సంఘస్థుల ఇళ్లు దర్శించి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందువలన వాని పగలంతా మా అమ్మానాన్నల చేతిలోనే. మోకాళ్ల నొప్పులతో అమ్మ వాని వెంట పరుగెత్తలేదు. సెల్‌ఫోను చేతికిచ్చి, వాడు బొమ్మలు చూస్తుండగా బువ్వ తినిపించేది. మేము చూసీ చూడనట్లు ఊరకున్నాము. మాకూ అది సుఖముగానే ఉండెను గదా!

ఒక సాయంత్రం వాని తల్లి ఫోను లాగుకొన్నది. వాడు నేలమీద పడి దొర్లి, పళ్లెం విసిరికొట్టాడు. అది పోయి నాయనమ్మ నుదుటికి తగిలింది. మాకు పట్టరాని కోపం వచ్చి, వాని వీపు మీద రెండు దెబ్బలు వేశాము. వెంటనే అమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వు సంఘానికి పాస్టరువేమో గాని నాకు కొడుకువే. పసిపోరన్ని గట్ల కొడ్తరా?"

"నువ్వు ఫోనియ్యబట్టే గదనే అమ్మా ఇదంతా!"

"బువ్వ తినకపోతే నేనేం జెయ్యాలె? మీరిద్దరు ఇంట్ల ఉంటరా?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. నాన్నగారు ఏమీ అనక తల వంచుకొన్నారు. చిన్ననాడు మా వీపు మీద చింతబరికె విరిచినది ఆయనే. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు అందరము కూర్చున్నాము గాని, ఎవరి నోటా పాట రాలేదు.

మూడవ రోజు ఉదయం వాడు వసారాలో చెప్పులు వరుసగా పేర్చి విమానాలాట ఆడుచుండెను. ఒక చెప్పు వరుస తప్పింది. వాడు దానిని పట్టుకొని, "చెప్తే వినవా? వినవా?" అని రెండు దెబ్బలు వేశాడు. గొంతు మాది, మాట మాది, చెయ్యి కూడా మాదే. ఆదివారం ప్రసంగములో మేము చెప్పినది వానికి ఒక్కటీ గుర్తులేదు. ఇది మాత్రం తు చ తప్పకుండ నేర్చుకొన్నాడు.

సామెతల గ్రంథములోని బెత్తము మాట మనకు కంఠస్థమే. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయములో పౌలు తండ్రులకు చేసిన హెచ్చరిక మాత్రం మనకు త్వరగా జ్ఞాపకం రాదు. పిల్లలకు కోపం రేపవద్దని ఆయన చెప్పినది తండ్రులకే గదా.

ఆ రాత్రి నలుగురము కూర్చున్నాము. మేమే మొదట అమ్మను క్షమాపణ అడిగాము. తరువాత కొన్ని సంగతులు నిర్ణయించుకొన్నాము.

ఒకటి, అన్నం దగ్గర ఫోను ఎవరికీ ఉండరాదు, పాస్టరుకు కూడా. రెండు నుండి నాలుగేళ్ల పిల్లలకు తెర చూచుట రోజుకు గంట మించరాదనీ, ఎంత తగ్గితే అంత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు 180 నిమిషాలైనా ఒళ్లు కదిలించాలనీ, 10 నుండి 13 గంటలు నిద్రపోవాలనీ చెప్పింది.

రెండు, ఇంటిలో ఒకే మాట ఉండాలి. తల్లి కాదన్నది నాయనమ్మ చాటుగా ఇయ్యరాదు. నాయనమ్మ పెట్టిన కట్టుబాటును మేము పిల్లవాని ఎదుట తీసివేయరాదు. ఎవరిని అడిగితే పని జరుగుతుందో పిల్లలకు మనకంటె బాగా తెలుసు.

మూడు, వాడు మొండికేసినప్పుడు చెయ్యి ఎత్తరాదు. ఆ వయసు బిడ్డకు కోపమొస్తుంది గాని, దానిని చెప్పుకొనే మాటలు ఇంకా రావు. పక్కనే కూర్చుండి ఏడుపు తగ్గేవరకు ఆగాలి. తరువాత రెండు ముక్కల్లో చెప్పాలి. విసిరిన పళ్లెం వానిచేతనే తీయించాలి.

నాలుగు, అమ్మకు విశ్రాంతి. సోమవారం పిల్లవాడు మా బాధ్యత. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ కళ్లు తుడుచుకొన్నది. బిడ్డను ఆమెకు అప్పగించాము గాని, ఆమె అలసటను ఒక్కనాడైనా అడిగినవారము కాము.

ఫోను లేని మొదటి వారము కష్టముగానే గడిచింది. వాడు రెండు పూటలు సరిగా తినలేదు. అప్పుడు నాన్నగారు తెలిసినవారి చేనుకు పోయి జొన్న దంట్లు తెచ్చారు. పైతొక్క ఒలిచి, లోపలి బెండును ముక్కలు చేసి, చీపురుపుల్లలు గుచ్చి ఎడ్లబండి చేశారు. ఆయన చిన్ననాటి ఆటబొమ్మ అది. వాడు దానిని తిప్పి తిప్పి చూసి, "తాతా, విమానం చెయ్యి" అన్నాడు. నాన్నగారు ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఇద్దరూ మిద్దెమీదికి పోయి, పైన పోయే విమానాలను చూసి రెక్క ఎట్లా ఉంటుందో, తోక ఎట్లా ఉంటుందో అర్థగంట వాదించుకొన్నారు. ఆ పూట వాడు అక్కడే, తాత చేతి ముద్దలు తిన్నాడు.

ఆట వృథా కాలము కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను బిడ్డ హక్కుగా చెప్పుచున్నది. మన దేశము 1992లో అందులో చేరింది. దాగుడుమూతలు, ఉప్పుమూట, మట్టిలో గుజ్జనగూళ్లు, వీటిలోనే బిడ్డ వంతు కోసం ఆగుట, ఓడిపోవుట, మళ్లీ కలిసిపోవుట నేర్చుకొంటాడు. వీటికి రూపాయి ఖర్చు లేదు. కావలసినదెల్లా నేలమీద కూర్చునే ఒక పెద్దమనిషి.

తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాయునప్పుడు పౌలు మొదట తలచుకొన్నది అవ్వయైన లోయిని, తరువాత తల్లియైన యునీకేను. అవ్వల పేరు ఊరికే వ్రాయబడలేదు.

మా ఇంటిలో గొడవలు లేవని కాదు. మొన్ననే వాడు బెండు విమానాన్ని తొక్కి విరిచి, మళ్లీ చేయమని మారాము చేశాడు. మా చెయ్యి లేవబోయి ఆగింది. నాన్నగారు మెల్లగా, "దంట్లు ఇంకా ఉన్నయి తియ్యి" అన్నారు. ఆ మాట మాకే చెప్పినట్లున్నది.

చదువరులారా, ఈ రాత్రి మీ ఇంటి పెద్దల పక్కన కొంచెంసేపు కూర్చోండి. పగలంతా బిడ్డతో ఎట్లా గడిచిందో అడగండి. దేవుడు మీ కుటుంబములను దీవించునుగాక.