కంప్యూటరు మొరాయిస్తే

"ఆయ్, ఇది ఇంక లేవదండి. ఫార్మాట్ కొట్టేద్దాం. అరగంట పని."

స్క్రూడ్రైవరు చెవి మీద దోపుకుని ఆ కుర్రవాడు ఈ మాట అంటున్నప్పుడు మా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి వింటున్నది. ఫార్మాట్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. కాని కొట్టేయడం అంటే తెలుసును. నా వైపు తిరిగి, "ఒరేయ్, అందులో మీ పెదనాన్న ఉన్నారురా" అన్నది.

వారి ఊరు రాజోలుకు దగ్గిర, ఏటిగట్టు కింద. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వారి పెంకుటింటి కప్పు లేచిపోయింది. గోడల మీది ఫోటోలు తడిసి అద్దాలకు అతుక్కుపోయాయి. విడదీస్తే బొమ్మ ఊడి వస్తుందని భయపడి, కొన్నేళ్ళ తరువాత పెదనాన్నగారు వాటిని అద్దాలతో సహా అమలాపురం మోసుకువెళ్ళి స్కాను చేయించారు. వంశవృక్షమూ, తోటల సరిహద్దులూ, ఏ చెట్టు ఎవరు నాటారో ఆ వైనమూ ఒక డి.టి.పి. షాపులో పక్కన కూర్చుని టైపు కొట్టించారు. 2009లో మా తమ్ముడి చదువుకని కంప్యూటరు కొన్నప్పుడు అవన్నీ అందులోకి చేరాయి. సీడీలు కోనసీమ తేమకు బూజుపట్టి ఏనాడో పోయాయి. పెదనాన్నగారూ పోయారు. మిగిలింది బల్ల కింద ఉన్న ఆ ఒక్క పెట్టె.

పోయిన వానాకాలం ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి, మర్నాటి సాయంత్రానికి వచ్చింది. మీట నొక్కితే ఫంకా తిరిగింది, దీపం వెలిగింది. నల్లని తెర మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలిచింది. బూటు చేయడానికి డిస్కు కనబడలేదు, సిస్టం డిస్కు పెట్టి ఎంటర్ నొక్కండి, అని దాని భావం. అంతే, ఇంక కదలదు.

ఇక్కడ పాఠకులతో ఒక మాట. కంప్యూటరు లేవకపోతే మనం "అది పోయింది" అంటాం. ఏది పోయింది? మన కరణీకాలు 1984లో రద్దయినా ఉపమానానికి ఇప్పటికీ పనికివస్తాయి. ఆపరేటింగ్ సిస్టం అనేది కరణంగారి వంటిది. డిస్కు ఆయన దస్తరాల పెట్టె. మన ఫోటోలూ, ఉత్తరాలూ, లెక్కలూ దస్తరాలు. కరణంగారికి జ్వరం వస్తే కచేరీ నడవదు, నిజమే. అంతమాత్రాన దస్తరాలు తగలబెట్టం కదా! ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించడమంటే కొత్త కరణాన్ని తెచ్చే సందడిలో పాత దస్తరాల మీద సున్నం కొట్టడమే.

కరణానికి జబ్బు చేసినంత మాత్రాన దస్తరాలు చెడవనడానికి ఈమధ్యే పెద్ద నిదర్శనం దొరికింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అన్ని లక్షల డిస్కులలో ఒక్కటీ దానివల్ల పాడుకాలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలు తీసివేయగానే లేచి కూర్చున్నాయి.

అందుచేత మొదట తేల్చుకోవలసింది, జబ్బు కరణానిదా, పెట్టెదా అని. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. కళ్ళూ, చెవులూ చాలు. మీట నొక్కినా ఏ చప్పుడూ లేకపోతే కరెంటు దగ్గిర చూడండి. ఫంకా తిరుగుతూ లోపలి నుంచి కూతలు వస్తే చాలాసార్లు అది ర్యామ్ గొడవ. మన ఉప్పుగాలికి దాని ఇత్తడి రంగు పళ్ళు మసకేస్తాయి. ఊడదీసి, పిల్లల పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ పెడితే లేచిన పెట్టెలు కొత్తపేటలోనూ అమలాపురంలోనూ లెక్కలేనన్ని. తెర మీద విండోస్ బొమ్మ వచ్చి, ఆ తరువాత నీలి తెర వస్తే, డిస్కు కొంతవరకయినా చదువబడుతున్నదన్న మాట. అసలు డిస్కే కనబడలేదంటే కథ వేరు.

కనబడలేదన్నప్పుడు కూడా ముందు వెనక వైపు చూడాలి. పెన్‌డ్రైవు ఏదయినా గుచ్చి మరిచిపోయారేమో! కొన్ని యంత్రాలు ముందు దానిలో కరణం కోసం వెతికి, లేడని మొండికేస్తాయి. ఇంత చిన్న విషయానికి సీపీయూ పెట్టెను మోటారు సైకిలు మీద కట్టి ఊరు దాటించినవారిని నేనెరుగుదును. (ఆ జాబితాలో నేనూ ఉన్నాను. వివరాలు అడగకండి.)

మా పెద్దమ్మగారి పెట్టెకు పెన్‌డ్రైవు లేదు. మీట నొక్కగానే డిలీట్ బటన్ నొక్కి బయోస్‌లోకి వెళ్ళి చూశాను. తేదీ 2009 జనవరి 1! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. గోడ కరెంటు ఉన్నంతసేపూ అది చచ్చిన సంగతి బయటపడదు. ఒక రాత్రీ ఒక పగలూ కరెంటు పోయేసరికి యంత్రం తన తేదీతో పాటు తనకు నేర్పిన అమరికలన్నీ మరిచిపోయింది. కొత్త బ్యాటరీకి అయ్యే ఖర్చు నాలుగు కాఫీలకంటె ఎక్కువ కాదు. కాని బ్యాటరీ మార్చినా డిస్కు పేరు జాబితాలో రాలేదు. పక్క రేకు విప్పి చూస్తే, డిస్కుకు పోయే తీగ మొనలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఒక మూల బల్లి గుడ్లు! కొత్త తీగ వేస్తే డిస్కు పేరు తెర మీదికి వచ్చింది. కుర్రవాడు, "ఆయ్, కొట్టక్కర్లేదండి!" అని చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మ కాఫీ తెచ్చింది.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. విండోస్ ఎక్స్‌పీ బొమ్మ కింద నీలపు గీత అటూ ఇటూ పదిహేను నిమిషాలు తిరిగింది. పెట్టె లోపలి నుంచి మధ్యమధ్య "టక్... టక్" మని వినిపించింది. ఆ చప్పుడు వింటే నేను తీగ పీకేస్తాను. పీకేశాను.

ఎందుకో చెప్పాలంటే డిస్కు లోపల ఏమున్నదో చెప్పాలి. అద్దంలా నున్నని పళ్ళేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీద అక్షరాలు అయస్కాంతపు చుక్కలుగా ఉంటాయి. చదివే హెడ్డు పళ్ళేన్ని తాకదు. తిరుగుడు వల్ల పుట్టే గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎడం కొన్ని నానోమీటర్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం వేల నానోమీటర్లలో ఉంటుంది. కాబట్టి ఆ హెడ్డుకు ధూళి కణం ఒక కొండ. చుక్కలు చదవలేక, దారి తప్పి, మొదటికి వచ్చి మళ్ళీ ప్రయత్నించినప్పుడు అది టక్కుమంటుంది. ఒకవేళ పళ్ళేన్ని రాసుకుంటే, తిరిగిన ప్రతి చుట్టుకూ కొంత గీసుకుపోతుంది. గీసుకుపోయిన చోట రాసినది పోయినట్టే. పదే పదే మీట నొక్కి "ఇంకొకసారి చూద్దాం" అనడం, విరిగిన కాలితో రోగిని నడిపించి చూడటం వంటిది.

డిస్కు జాతి చరిత్ర కూడా ముచ్చటయినది. 1956లో ఐ.బి.ఎం. వారు బయటపెట్టిన మొదటి డిస్కు యంత్రంలో రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 ఉండేవి. బరువు ఒక టన్ను పైమాట. ఇన్ని చేసి అది దాచుకున్నది 50 లక్షల అక్షరాలు. ఇవాళ చేతిఫోనుతో తీసిన పెళ్ళి ఫోటో ఒక్కటి దానిలో పట్టడం అనుమానమే. ఇప్పుడు పళ్ళేలు లేని ఎస్.ఎస్.డి.లు వచ్చాయి. వేగం అమోఘం. అయితే అవి చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతాయి. చెరిపిన ఫైలును ఎస్.ఎస్.డి. నుంచి తిరిగి తీయడం పాత డిస్కులంత సులభం కూడా కాదు. చెరిపిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది.

టక్కుమనే డిస్కుకు ఊళ్ళో చెప్పే వైద్యాలు మూడు. ఒకటి ఫార్మాట్. రెండు, చెక్‌డిస్క్ నడపడం. ఇది కరణంగారు లెక్కలు సరిచేసే పద్ధతి. మంచి డిస్కు మీద మంచిదే. చచ్చిపోతున్న డిస్కు మీద నడిపితే లెక్కకు రాని కాగితాలను పేర్లు చెరిపి ఒక మూటగా కట్టి పడేస్తుంది. ఆ వెతుకులాటలో డిస్కు అలిసి కన్నుమూసినా మూయవచ్చు. మూడు, పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రిజ్జులో పెట్టడం. కోనసీమ తేమలో చల్లని డిస్కును బయటికి తీస్తే మంచినీళ్ళ గ్లాసుకు పట్టినట్టు చెమట పడుతుంది. దాని మీద కరెంటు పెట్టమని నేను పగవాడికి కూడా చెప్పను. వరద నీట మునిగిన డిస్కుదీ ఇంచుమించు ఇదే సంగతి. 2022 జూలై వరదల్లో లంకల్లో చాలా ఇళ్ళలో నీరు చేరింది. అటువంటి డిస్కును ఎండబెట్టి మీట నొక్కకూడదు. బురద పళ్ళేల మీద ఎండి పెంకు కడుతుంది. తడి ఆరకుండా సంచిలో మూసి, డేటా తీసే ప్రయోగశాలకు పంపడం మేలు. ఖర్చు ఎక్కువే. ఆ డిస్కులో ఏమున్నదన్నదాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

మరి చేయవలసినదేమిటి? బాగు చేయడం కాదు, ముందు నకలు తీయడం. డిస్కును పెట్టె నుంచి విప్పి, విడిగా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ తొడుగులో పెట్టి, నా లాప్‌టాప్‌కు తగిలించాను. దానిని విండోస్‌తో తెరవలేదు. తెరిస్తే, "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. మర్యాదగా అడిగే ప్రశ్నే! సరేనన్నవారు నాకు తెలిసే ముగ్గురున్నారు. అందుకని లినక్సు ఉన్న పెన్‌డ్రైవుతో లాప్‌టాప్‌ను లేపి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము నడిపాను. దాని తెలివి ఏమిటంటే, చదవగలిగిన భాగమంతా ముందు గబగబా కొత్త డిస్కులోకి దించుకుని, గుంటలు ఉన్న చోట్లు గుర్తు పెట్టుకుని, చివర తీరికగా వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. తేలికగా అందే గెలలు ముందు దింపి, గాలికి ఊగే చెట్టును చివరకు ఉంచే దింపువాడి లాగా.

రాత్రంతా పట్టింది. ఆ రాత్రి కరెంటు పోతే అన్న భయంతో ఇన్వర్టరు దగ్గిరే చాప వేసుకున్నాను. నా పక్కన కుర్రవాడు కూర్చుని, "డి డ్రైవులో పెట్టుకుంటే సేఫ్ అంటారు కదండీ?" అని అడిగాడు. సి కొట్టినా డి బతుకుతుంది, అంతవరకు సరి. కాని సి, డి అనేవి ఒకే ఇంట్లో రెండు గదులు. కప్పు లేచిపోతే రెండు గదులూ తడుస్తాయి. పైగా మనవాళ్ళు చాలామంది ఫైళ్ళను డెస్క్‌టాప్ మీద పెడతారు. ఆ డెస్క్‌టాప్ సి లోనే ఉంటుందని తెలియదు. కొత్త విండోస్ యంత్రాలతో మరొక చిక్కు ఉన్నది. కొన్నిటిలో డిస్కు దానంతటదే తాళం వేసుకుని ఉంటుంది. మదర్‌బోర్డు మార్చిన రోజున 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది తరచు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేర, ఏ సంకేత పదంతో తెరిచారో ఇవాళే కనుక్కుని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

తెల్లవారేసరికి నకలు వచ్చింది. పూర్తిగా రాలేదు. ఫోటోలు పదకొండు అసలు తెరుచుకోలేదు. కొన్ని పై సగం బొమ్మ, కింది సగం బూడిద రంగు. తుపానుకు ముందు తీసిన ఇంటి ఫోటో కూడా అలాగే వచ్చింది. పెంకులూ, దూలం చివరా, గుమ్మం పై భాగమూ ఉన్నాయి. అరుగు లేదు, అరుగు మీద కూర్చున్న మనుషులూ లేరు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "అరుగు మీద ఎడంపక్కన మా అత్తగారు" అని చెప్పింది.

ఇక పెదనాన్నగారు కొట్టించిన కాగితాలు. ఫైలు తెరవగానే అక్షరాలన్నీ పిచ్చి ఇంగ్లీషు! మా తమ్ముడు తల పట్టుకుని, "ఇదీ పోయిందిరా అన్నయ్యా" అన్నాడు. పోలేదు. యూనికోడు వాడుకలోకి రాకముందు మన డి.టి.పి. షాపులలో తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు పోయి ఇంగ్లీషు సంకేతాలు మిగులుతాయి. ఇట్లాంటివి చూసి పాడయిపోయాయని చెరిపేసినవారు ఎందరో! ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన ఏటి పేరే. కాని ఈ పాత కాగితాలకు ఆ గౌతమి పనికిరాదు. వాటిని కొట్టిన ఫాంటే కావాలి. అమలాపురంలో ఆ షాపు ఇంకా ఉన్నది. ఇప్పుడు ఆధార్ కాగితాలూ, ఫ్లెక్సీలూ ఎక్కువ. యజమాని వెనక గదిలో నుంచి ఒక పాత యంత్రం లాగి, దుమ్ము ఊది, ఫాంటు పెన్‌డ్రైవులో వేసి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు.

ఫాంటు ఎక్కించి మళ్ళీ ఫైలు తెరిస్తే మొదటి పేజీలో, ఉత్తరపు గట్టున మూడో కొబ్బరిచెట్టు పెద్దమ్మ కాపరానికి వచ్చిన ఏడు నాటినట్టు రాసి ఉన్నది. "ఆ చెట్టు తుపానులో పడలేదు" అన్నది ఆవిడ. కుర్రవాడు కిటికీలోంచి చూసి లెక్కపెట్టాడు.

మొత్తం రెండు కొత్త డిస్కులలోకి ఎక్కించాము. ఒకటి పెద్దమ్మ బీరువాలో ఉన్నది. రెండోది నా వెంట ఏరు దాటి కాకినాడ వచ్చింది.