పుట్టిలో ఇద్దరు, పుస్తకంలో ఒక్కరు

నకిరేకల్‌కు సముద్రం ఎంత దూరం? ఎంత దగ్గరి దారి చూసుకున్నా రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. మనకు నీళ్లంటే ఊరి చెరువు, కాస్త అవతల మూసీ ప్రాజెక్టు, వాన బాగా పడితే అలుగు. అలాంటి చోట కూర్చుని సముద్రంలో కయాక్ మీద చేపలు పట్టేవాళ్ల గురించి మాట్లాడితే 'ఇదేం చోద్యమమ్మా!' అంటారేమో. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవాళ్లు పంపే ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. కార్తీకమాసంలో దీపం పెట్టి వదిలే అరటిదొప్పలా సన్నగా, పొడుగ్గా ఒక ప్లాస్టిక్ పడవ. అందులో కాళ్లు చాపుకుని కూర్చున్న ఒకే ఒక మనిషి. చేతిలో రెండు చివరలా రెక్కలున్న తెడ్డు, వీపు వెనక గాలం కర్ర. చుట్టూ కనుచూపు మేర నీళ్లు!

చూడగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ ఆ ఫొటోను కాస్త వెడల్పుగా తీసి ఉంటే ఆ పక్కన ఇంకో మూడు నాలుగు పడవలు కనిపిస్తాయి. మనిషికో పడవే గాని, మనిషి ఒంటరి కాడు. స్నేహితులు జట్టుగా బయల్దేరతారు, ఒకరి కేక ఒకరికి వినిపించేంత దూరంలో ఉంటారు, జట్టుగానే ఒడ్డుకు వస్తారు. ఈ ఆట మొత్తంలో నాకు నచ్చిన సంగతి అదే. మన చెరువుల మీద వేటకు పోయే ఇళ్లలో ఆడవాళ్లకు పనికొచ్చే సంగతి కూడా అదేననిపిస్తుంది.

కుట్టింది ఆడవాళ్లే!

కయాక్ నిన్నా మొన్నా పుట్టింది కాదు. చిన్నప్పుడు పాఠాల్లో ఎస్కిమోలని చదువుకున్నాం కదా, ఆ ఇన్యూట్ ప్రజలు, వాళ్ల ఇరుగుపొరుగు జాతులు ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సముద్రాల్లో వేల ఏళ్లుగా వాడిన పడవ అది. అక్కడ చెట్లుండవు. నీటిలో కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, దాని మీద సీల్ అనే సముద్ర జంతువు తోలు బిగించేవారు. చట్రం కట్టడం మగవాళ్ల పని. తోలు కుట్టడం మాత్రం ఆడవాళ్ల పని. అదీ ఆషామాషీ కుట్టు కాదు. సూది తోలు మందంలో సగం దాకానే దిగాలి, అవతలికి పొడుచుకు రాకూడదు. దారం జంతువు నరాలతో పేనింది. తడి తగిలితే అది ఉబ్బి, సూది బెజ్జాన్ని తానే మూసేస్తుంది. జాకెట్టు కుట్టు ఊడితే పిన్నీసు పెట్టుకుంటాం. అక్కడ కుట్టు ఊడితే నడిసముద్రంలో మనిషి పోతాడు!

వాళ్ల దగ్గరే ఉమియాక్ అని ఇంకో పెద్ద పడవ ఉండేది. గ్రీన్‌లాండ్ వైపు కుటుంబాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు పిల్లాజెల్లా, సామాను సర్దుకుని దాన్ని ఆడవాళ్లే నడిపేవారు. అందుకే దాన్ని 'ఆడవాళ్ల పడవ' అనేవారు.

ఇప్పుడు మన పుట్టిని తలచుకోండి. వెదురుబద్దలతో గంపలా అల్లి, పూర్వం దాని అడుగున పశువుల తోలే బిగించేవారు. తర్వాత తారు పూసిన గోనెపట్టా, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ఇప్పుడు ఫైబర్ పుట్టీలే ఎక్కువ. మంచుకొండల వాళ్లకూ కృష్ణ ఒడ్డు వాళ్లకూ పరిచయం ఎక్కడిది చెప్పండి? అయినా తేలికపాటి చట్రానికి తోలు తొడిగితే నీటి మీద తేలుతుందన్న ఉపాయం ఇద్దరికీ తట్టింది.

ఇక సముద్రం మీద ఇవాళ స్నేహితులు వేసుకెళ్లే ప్లాస్టిక్ కయాక్ సంగతి. చాలామంది వాడే రకానికి లోపల దిగి కూర్చునే గుంత ఉండదు, పైనే కూర్చుంటారు. అల మీద పడ్డా, నీళ్లు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి వాటంతటవే కారిపోతాయి. ఇదీ మనకు తెలిసిన సూత్రమే! విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టిన తెప్పలుండేవి. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకొస్తాయి, కిందికి పోతాయి. ఫైబర్ బోట్లు వచ్చాక తెప్పల కాలం వెనకబడింది గాని, తరతరాలుగా మన జాలరులు అలల్ని దాటింది వాటి మీదే.

వెళ్లేముందే ఒడ్డుకో మాట

సరదాకు పోయే కయాక్ జట్లు కూడా కొన్ని పద్ధతులు చాలా కచ్చితంగా పాటిస్తాయి. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకుని వెళ్లడం కాదు, ఒడ్డు మీదే తొడుక్కుని బిగించుకుంటారు. నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం అయ్యే పని కాదు మరి. మెడలో ఈల వేలాడుతుంది. ఫోను నీరు చొరని సంచిలో ఉంటుంది. గాలి ఒడ్డు నుంచి లోపలికి కొడుతుంటే ఆ రోజు దిగరు. నీళ్లు చూడ్డానికి నిమ్మళంగానే ఉంటాయి, తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలికి తెడ్డు వేయలేక చేతులు పడిపోతాయి. బోల్తాపడితే పడవను తిరగేసి మళ్లీ ఎక్కడం ముందే, లోతు తక్కువ నీళ్లలో, ఒకరికొకరు సాయం పట్టుకుని సాధన చేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒడ్డున ఉన్న మనిషి. ఎటు వెళుతున్నాం, ఎంతమందిమి, ఎన్నింటికి వస్తాం అనేది ఆ మనిషికి చెప్పి వెళతారు. అన్న టైముకు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెబుతారు.

మన ఊళ్లలో ఆ ఒడ్డు మనిషి ఎవరో వేరే చెప్పాలా? పొద్దున వలలు తీయడానికి పోయిన మనిషి తొమ్మిదైనా రాకపోతే వాకిట్లో నిలబడి చెరువుగట్టు వైపు చూసే ఇల్లాలే. అయితే ఆమెకు ఎవరూ టైము చెప్పరు. 'ఎప్పుడొస్తవ్?' అని అడిగితే అపశకునమని కసురుకునే ఇళ్లూ ఉన్నాయి. ఈ ఒక్క అలవాటు మారడానికి పైసా ఖర్చు లేదు, ఏ పథకమూ అక్కర్లేదు.

చెరువే కదా అనుకోవద్దు

చెరువులో అలలుండవు కాబట్టి ప్రమాదం లేదనుకుంటాం. అల లేకపోతేనేం, కాలికి చుట్టుకునే తంగూసు వల ఉంది, తూడు ఉంది, గుర్రపుడెక్క ఉంది. వేటంతా ఎక్కువగా నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి వచ్చే ఈదురుగాలి, పిడుగు మనకు కొత్త కాదు. చెరువు నడుమ థర్మకోల్ తెప్ప మీద కూర్చున్న మనిషికి తలదాచుకునే చోటేది? గాలి నింపిన ట్యూబు మీద పోయేవాళ్ల సంగతి మరీ అన్యాయం, చిన్న ముల్లు చాలు. పూర్వం పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టేవారు. ఆ మాత్రం జాగ్రత్త కూడా పెద్దయ్యాక నామోషీ అయిపోయింది! జాకెట్ లేకపోతే మూత బిగించిన ఖాళీ నూనె క్యాన్లు రెండు తాడుతో దగ్గర కట్టుకున్నా కాసేపు ఆసరా. అది జాకెట్‌తో సమానం మాత్రం కాదు.

మరి తెలిసి తెలిసీ ఒంటరిగా ఎందుకు పోతారు? ఇక్కడే సరదా జట్టుకూ బతుకుదెరువు జట్టుకూ తేడా. కయాక్ స్నేహితుల్లో ఎవరి గాలానికి పడ్డ చేప వాళ్లది. అసలు చేప పడకపోయినా ఇంట్లో పొయ్యి ఆగదు. మనవాళ్లకు పక్కన ఇంకో మనిషి ఉంటే ఇంకో వాటా పోతుంది. నాలుగు కిలోల రవ్వలు పడ్డ రోజున వాటా ఎవరికివ్వాలి, ఏం మిగలాలి? ఆ లెక్కలోనే మనిషి ఒక్కడే పుట్టి ఎక్కుతాడు.

ఈ చిక్కును నాగార్జునసాగర్ మీద బతికే కుటుంబాలు ఎప్పుడో తీర్చుకున్నాయి. 1967లో సాగర్ నుంచి కాలువలకు నీళ్లు వదిలాక, అంత పెద్ద జలాశయంలో వేటకు కోస్తా జిల్లాల నుంచి మత్స్యకార కుటుంబాలు వలస వచ్చాయి. వాళ్లలో భార్యాభర్తలు కలిసి పుట్టి ఎక్కుతారు. ఆమె తెడ్డు వేస్తుంది, అతడు వల వదులుతాడు. సాయంత్రం వేసిన వల తెల్లవారి తీస్తారు. వాటా ఇల్లు దాటదు, మనిషి ఒంటరి కాడు. స్నేహితుల జట్టులో ఉన్న రక్షణ అంతా ఆ ఇద్దరిలోనే ఉంది.

కేరళలో ఇలాగే మొదలుపెట్టిన ఒకామె దేశానికే తెలిసింది. త్రిస్సూర్ జిల్లా చేట్టువకు చెందిన కె.సి. రేఖ సాయానికి మనుషులు దొరకని రోజుల్లో భర్తతో పాటు సముద్రంలోకి వేటకు వెళ్లడం మొదలుపెట్టి, దేశంలో సముద్రపు వేటకు లైసెన్సు పొందిన తొలి మహిళగా పేరు తెచ్చుకున్నారు. 2017లో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఆమెను సత్కరించింది.

పేరెక్కడ?

చేప గట్టుకు వచ్చాక పనంతా ఎవరిది? బొచ్చె, రవ్వ, బంగారుతీగ వేరుచేయాలి. కొర్రమీను బతికుంటేనే ధర కాబట్టి దాన్ని నీళ్ల బిందెలో విడిగా పెట్టాలి. ఐసు వేయాలి, చేప ఎంతో ఐసూ అంత. గంప నెత్తిన పెట్టుకుని బజారుకు పోవాలి, కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీయాలి, బేరం ఆడాలి, అప్పు పెట్టినవాళ్లను గుర్తుపెట్టుకోవాలి. మృగశిర కార్తె నాడైతే జూన్ ఎండలో తెల్లవారి మొదలుపెట్టిన పని మధ్యాహ్నం దాకా వీపు ఎత్తనివ్వదు. ఇదంతా ఆడవాళ్లదే. చాలా చోట్ల తెడ్డూ వాళ్లదే.

కాని సహకార సంఘం రిజిస్టరు తెరిస్తే ఎక్కువగా ఉండేది ఇంటి మగమనిషి పేరు. సభ్యత్వానికి తెలంగాణలో నైపుణ్య పరీక్ష పెట్టారు, అందులో ఈత, వల విసరడం వంటివి చూస్తారు. మంచిదే. అయితే రోజూ తెడ్డు వేసే చేతికీ, గంపెడు చేపలు చెడిపోకుండా అమ్మే నేర్పుకీ మార్కులెన్ని? మహిళల కోసం విడిగా మత్స్య సహకార సంఘాలు కొన్ని ఊళ్లలో ఉన్నాయి గాని, ప్రతి చెరువుకూ లేవు.

పేరుతో పనేమిటి, డబ్బు ఇంటికే వస్తుంది కదా అంటారు. 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం మొదలుపెట్టింది. ఆ చేప పట్టుకునే హక్కు సంఘం సభ్యులది. తర్వాత సబ్సిడీ మీద మోపెడ్లు, ఐసు పెట్టెలు వచ్చినప్పుడూ చూసింది సభ్యత్వమే. 2020లో కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలుగా 40 శాతం ఇచ్చే సాయం, మహిళ పేరు మీద అడిగితే 60 శాతంగా పెట్టారు. అదే పథకం కింద సామూహిక ప్రమాద బీమా కూడా వచ్చింది. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల దాకా. ప్రీమియం మొత్తం ప్రభుత్వాలే కట్టేలా ఏర్పాటు చేశారు.

ఇప్పుడు ఆలోచించండి. పుట్టి తిరగబడితే నీళ్లలో పడేది ఇద్దరూ. బీమా జాబితాలో పేరున్నది ఒక్కరికే అయితే రెండో ప్రాణానికి విలువ కట్టేదెవరు? నోటితో ఇలాంటి మాట అనడానికే మనసొప్పదు, నిజమే. అయినా అడగాల్సిన మాట ఇదే.

మీ ఇంట్లో వేటకు పోయేవాళ్లుంటే సంఘం అధ్యక్షుణ్ణి అడిగి సభ్యుల జాబితా ఒకసారి చూడండి. మీ పేరు లేకపోతే సభ్యత్వానికి ఏం కావాలో, మీ ఊళ్లో మహిళా సంఘం పెట్టుకోవాలంటే ఎంతమంది కలవాలో, బీమా జాబితాలో ఈ ఏడు పేర్లు ఎప్పటిలోగా పంపాలో నల్లగొండలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో చెబుతారు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు వెంట ఉంచుకోండి. ఒక్కరే పోవద్దు, పక్క గంపల వాళ్లను మరో నలుగురిని వెంటబెట్టుకుని పోండి.