ఇసుక దీవిలో వంట ఎవరిది?

సరదాగా మూడు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దామని ఇంట్లో మగవాళ్లు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది సముద్రమూ కాదు, కొండలూ కాదు. ఎన్ని కిలోల బియ్యం పట్టుకెళ్లాలి, ఆవకాయ సీసా కారకుండా ఎలా సర్దాలి, పిల్లలకి జ్వరమొస్తే ఏ మందు పెట్టుకోవాలి - ఇవీ! ఇంట్లో వంటగదినే డిక్కీలో వేసుకెళ్లి ఇంకోచోట దించుతాం. దానికి సెలవులని పేరు.

మేం ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో ఉంటున్న మూడు తెలుగు కుటుంబాల వాళ్లం. జులైలో పిల్లల బడి సెలవులకి కె'గారి దీవిలో డేరాలు వేసుకుని ఉండాలని అనుకున్నాం. 2023 దాకా దాన్ని ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు. పలకడం 'గర్రి' అని పలకాలట. స్పెల్లింగు చూసి మావారు మాత్రం ఎంతో మర్యాదగా "కే గారి దీవి" అనే అంటారు!

ప్రయాణం మాట రాగానే మా వరంగల్ స్నేహితురాలు షరతు పెట్టింది. "అన్నా, ఈసారి వంట వంతులేసుకుందాం. స్టీరింగు గూడ వంతులే."

"అది రోడ్డు కాదమ్మా, ఇసుక" అన్నారు మావారు.

"ఇసుకల నడుపుడు మీకు మాత్రం అలవాటా?" అంది తను. నిజమే, ఎవరికీ అలవాటు లేదు. దాంతో అద్దెకి తీసుకున్న రెండు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల కాగితాల్లో డ్రైవర్లుగా ఆరుగురి పేర్లూ రాయించాం.

ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి అది. పొడవు దాదాపు 120 కిలోమీటర్లు. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇసుకంటే ఎడారి అనుకునేరు! ఆ ఇసుకలోనే ఆకాశాన్నంటే చెట్లతో దట్టమైన అడవి ఉంది, మంచినీటి సరస్సులున్నాయి. తారు రోడ్లు మాత్రం లేనట్టే. ఇన్‌స్కిప్ పాయింట్ దగ్గర బల్లకట్టు లాంటి ఓడ మీద బళ్లతో సహా దాటితే, తూర్పు తీరంలో ఇసుకే రహదారి. దానికి వేగ పరిమితి కూడా ఉంది, గంటకి 80 కిలోమీటర్లు. చిన్న విమానాలు కూడా అక్కడే దిగుతాయి!

అక్కడ వేసంగి సెలవుల్లో సముద్రానికెళ్లినట్టు తిరిగితే కుదరదు. డింగోలనే అడవికుక్కలు తిరుగుతుంటాయి. చూడ్డానికి మన వీధికుక్కల్లా అమాయకంగా ఉంటాయి గానీ, 2001లో తొమ్మిదేళ్ల పిల్లాడొకడు వాటి వాత పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అందుకే మేం కంచె ఉన్న దుందుబరా శిబిరంలో దిగాం. పిల్లలు చేతికందే దూరంలోనే ఉండాలి. డేరాలో తిండి పెట్టకూడదు. గిన్నెలు ఎప్పటివప్పుడు తోమాలి, మిగిలింది పెట్టెలో పెట్టి బిగించాలి, చెత్త మూటగట్టాలి. ఆఖరికి టూత్‌పేస్టు కూడా బండిలోనే.

మొదటి రాత్రి వంతు మగవాళ్లది. పులిహోర చేశారు, బానే కుదిరింది. వంట ముప్పావుగంట, దాని వెనక పని గంటన్నర! "ఇంత ఉంటుందా దీని వెనక?" అన్నారు గుంటూరు స్నేహితురాలి భర్త, చలిలో గిన్నె తోముతూ. "రోజూ ఉంటుందండీ" అంది ఆవిడ మామూలుగా. ఆయన ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు ఉదయం కాఫీ గ్లాసులు ఎవరూ చెప్పకుండానే కడిగేశారు.

ఇంక ఆ గుంటూరావిడ సంగతి. లైసెన్సు తీసుకుని తొమ్మిదేళ్లయింది. భర్త పక్కన కూర్చుంటే చాలు, చేతులు వణుకుతాయంటుంది. "గేరు మార్చు, బ్రేకెందుకు వేశావ్" అంటూ ఆయన చెబుతూనే ఉంటారు మరి. రెండోరోజు ఆవిడ వంతొచ్చింది. "ఈయన్ని ఆ బండిలో కూర్చోబెట్టండి వదినా" అని నా చెవిలో అంది. కూర్చోబెట్టాం!

ఇసుకలో నడపడానికి మొదట టైర్లలో గాలి తగ్గించాలి. 35 ఉన్నదాన్ని 20కి తెచ్చాం. టైరు వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి దిగబడదు. ఆటు సమయంలో తడిసి గట్టిపడిన ఇసుక మీదే వెళ్లాలి. పోటుకి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు బండి తీయకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే టైర్ల ముందు ఇసుక గట్టులా పేరుకుపోతుంది. వాగులు సముద్రంలో కలిసేచోట ఇసుక కోసుకుపోయి గుంటలుంటాయి, ముందే చూసుకుని నెమ్మదించాలి. ఇవన్నీ ఆవిడ చీటీ మీద రాసుకుని మరీ వచ్చింది. 1935లో తుపానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చి తుప్పుపట్టిన మహేనో ఓడ దాకా ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లింది. వెనక సీట్లోంచి పన్నెండేళ్ల కూతురు, "అమ్మా, నీకింత బాగా వచ్చా?" అంది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది.

మూడోరోజు మెకెంజీ సరస్సు చూశాం. తెల్లటి ఇసుక మధ్య నీలం నీళ్లు. అవి వాననీళ్లే, వాగులేవీ అందులో కలవవు. మనం కలిపిన మురికి అందులోనే ఉండిపోతుంది. అందుకని తలకి నూనె, ఒంటికి క్రీములు రాసుకుని దిగొద్దంటారు. ముందే తలంటుకుని వెళ్లాం.

ఆ దీవి పేరు వెనకా ఒక ఆడమనిషి కథ ఉంది. 1836లో ఓడ పగిలి ఎలైజా ఫ్రేజర్ అనే కెప్టెన్ భార్య అక్కడికి చేరింది. అక్కడి బుచుల్లా జనం తనని హింసించారని ఆమె చెప్పిన కథలు దేశదేశాలా పాకాయి. ఆదుకున్నామని బుచుల్లా వాళ్లంటారు. వాళ్ల మాట వినేవాళ్లు చాలాకాలం లేకపోయారు. 2023లో దీవికి వాళ్ల భాషలోని పాతపేరే తిరిగొచ్చింది. ఆ పేరుకి స్వర్గమని అర్థమట.

ఇప్పుడు గుంటూరావిడ శనివారాలు కూతుర్ని సంగీతం క్లాసుకి తనే కార్లో తీసుకెళ్తోంది. ఒక్కోసారి పక్కన ఆయన కూడా ఉంటారు. మాట్లాడరట!

మీరు కె'గారి దాకా వెళ్లక్కర్లేదు. సూర్యలంకకో, నాగార్జునసాగర్‌కో వెళ్లినా సరే, సామాన్ల జాబితా కంటే ముందు పనుల జాబితా రాయండి. ఒక్కో పని పక్కన ఒక్కో పేరు. అన్నింటి పక్కనా మీ పేరే ఉంటే, ఆ కాగితం చించేసి మళ్లీ రాయండి. ఏమంటారు?